గాజు భరిణెలూ గోదారి ఒండ్రూ (స్మారకోపన్యాసం)



సముద్రం మీద ఉపన్యాసం హైదరాబాద్ అమీర్‌పేటలో ఏమిటని ఇందాక మెట్లెక్కుతూ ఒక మిత్రుడు అడిగాడు. మైత్రీవనం దగ్గర నా చేతిలో పైథాన్ కోర్సు కరపత్రం కుక్కిన కుర్రాడూ అదే అడిగేవాడేమో. కానీ ఈ రోజు మనం స్మరించుకుంటున్న గురువుగారు మాకు మొదటి డయాటమ్‌ను, అంటే సిలికా గాజు గూడున్న ఏకకణ నాచును, చూపించింది సముద్రంలో కాదు, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న హుస్సేన్‌సాగర్‌లో. గట్టు రాతి మీది గోధుమరంగు జిగురును చెంచాతో గీకి, ఆమ్లంలో మరిగించి, కడిగి, ఒక చుక్కను స్లైడు మీద ఆరబెట్టారు. జీవపదార్థమంతా పోయింది, గాజు మిగిలింది. అచ్చం కుంకుమ భరిణె: కింద డిప్ప, దాని మీద కాస్త పెద్ద మూత. కణం రెండైనప్పుడు రెండు పిల్లకణాలూ తమకు దక్కిన డిప్పనే మూతగా ఉంచుకుని, లోపలిది కొత్తగా చేసుకుంటాయి. అందుకే ఒక శాఖలో తరతరానికీ భరిణె చిన్నదవుతూ పోతుంది. చివరికి సాధారణంగా లైంగిక సంయోగంతోనే మళ్లీ పెద్ద కణం పుడుతుంది.

ఈ ఊళ్లో నాచుల అధ్యయనానికి మంచి పునాదే ఉంది. చేపల చెరువుల నాచు మీద జాఫర్ గారు, మూసీ నాచు మీద వెంకటేశ్వర్లు గారు 1960లలో చేసిన పరిశోధనలు ‘హైడ్రోబయాలజియా’ పత్రికలో అచ్చయ్యాయి. మురుగు కలిసిన నీటిలో ఏ జాతి నిలుస్తుందో, ఏది తప్పుకుంటుందో అప్పుడే లెక్క కట్టారు.

లీవెన్‌హుక్ సూక్ష్మదర్శిని కటకాలు, 1872–76 నాటి ఛాలెంజర్ సముద్ర యాత్ర, హేకెల్ గీసిన సూక్ష్మజీవుల బొమ్మలు మీరంతా చదివినవే. నాకైతే ఆవులింతలు తెప్పిస్తాయి. అవి దాటేసి విశాఖపట్నం వాల్తేరు వెళదాం. పాత కాగితాల దుమ్ము నేను ఎక్కువగా మింగింది అక్కడే.

1952లో అమెరికా నుంచి సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. నౌకాదళం ఓడలెక్కి విద్యార్థులు నీటి ఉష్ణోగ్రత, లవణీయత కొలిచారు. ఆ కొలతల్లో తేలింది ఇది: చలికాలం వెళ్లాక నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు కుడివైపుకు, అంటే తీరం నుంచి లోపలికి, జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లని, పోషకాలున్న నీరు పైకి వస్తుంది. దానితో డయాటమ్‌లకు పండగ. అదే కాలంలో అక్కడి ఆచార్యులు పి.ఎన్. గణపతి గారి శిష్యులు వాల్తేరు తీరాన లాసన్స్ బేలో సన్నని వలలు లాగి, పట్టుకున్నదాన్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఆస్టెరియోనెల్లా జపోనికా అనే డయాటమ్ విజృంభించి వాల్తేరు నీటి రంగు మార్చిన వైనాన్ని డి.వి. సుబ్బారావు గారు 1969లో ప్రచురించారు. నక్షత్రంలా పేర్చుకునే ఆ చిన్న కణాలు ఒక అఖాతం రంగునే మార్చేశాయి!

ఆ తరం మీద ఒక ఫిర్యాదు ఉంది, న్యాయమైనదే. పుట్టినదాన్ని లెక్కపెట్టారు, పోయినదాన్ని ఎవరు తిన్నారో చూడలేదు. తప్పు వలది: బ్యాక్టీరియా దాని కంతల్లోంచి జారిపోతాయి. చెంచాడు సముద్రపు నీటిలో అవి యాభై లక్షల దాకా ఉంటాయి. డయాటమ్ నుంచి కారిన, చచ్చాక కరిగిన పదార్థాన్ని అవి తింటాయి. వాటిని కొరడా తోకల కశాభ జీవులు తింటాయి. 1983లో ఫరూక్ ఆజం, సహచరులు ఈ చక్రానికి సూక్ష్మజీవుల వలయమని పేరు పెట్టారు. 1999లో బిడిల్, ఆజం ఇంకో ముచ్చట చెప్పారు: గాజు మీది ప్రొటీన్ పొరను బ్యాక్టీరియా ఒలిచేస్తే సిలికా త్వరగా కరుగుతుందట. గురువుగారి ఆమ్లం పొర తీసి గాజును మనకు చూపించింది. సముద్రంలో బ్యాక్టీరియా పొర తీసి గాజును మాయం చేస్తాయి.

ఇక్కడ నా పాత పేచీ ఒకటుంది, భరించాలి. బంగాళాఖాతంలో నదుల మంచినీరు తేలికపాటి పొరగా పైన పరుచుకుంటుంది. గాలికి అది కలవదు, కింది పోషకాలు పైకి రావు. అందుకే అరేబియా సముద్రం కన్నా ఉత్పత్తి తక్కువ. ప్రసన్నకుమార్ గారి బృందం 2002లో చెప్పిన ఈ మాటతో నాకు తగవు లేదు. తగవంతా దీన్ని పట్టుకుని ‘బీద సముద్రం’ అని తీసిపారేసేవాళ్లతో. అయ్యా, రాబడి చూశారు, ఖర్చు చూశారా? లోతున గరాటుల్లాంటి బోనులు వేలాడదీసి పైనుంచి రాలేదాన్ని పట్టిన ఇట్టెక్కోట్ బృందం 1991లోనే ‘నేచర్’లో చూపింది: నదీజలం పోటెత్తే కాలంలో కిందికి రాలేది పెరుగుతుంది. ఒండ్రు రేణువులు డయాటమ్ ముద్దలకు అంటుకుని బరువెక్కిస్తాయి. మధ్యలో బ్యాక్టీరియా నోటికి చిక్కకముందే అవి దిగిపోతాయి. తిండి నడిమి లోతుల్లో కుళ్లకపోతే అక్కడి ప్రాణవాయువు పూర్తిగా ఖర్చవదు. అరేబియా సముద్రంలో ఆ లోతున ప్రాణవాయువు కరువై, నీటిలోని నత్రజని పోషకం సూక్ష్మజీవుల వల్ల భారీగా వాయువై పోతుంది. బంగాళాఖాతంలో దానికి తగ్గ సూక్ష్మజీవులున్నా, మిగిలిన చిటికెడు ఆక్సిజనే అడ్డని 2017లో బ్రిస్టో బృందం చూపింది. అంటే గోదారి బురద ఒక సముద్రం ఊపిరి కాస్తోందన్నది నా వాదం. కాదనేవాళ్లు టీ దగ్గర దొరికితే వదలను.

అధ్యక్షులవారు చీటీ పంపారు, ఐదు నిమిషాలట. తక్కినవి పరుగున. 1999లో మన ఊళ్లోనే సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వచ్చింది. ఉపగ్రహం చూసే పత్రహరితం నుంచి చేపలెక్కడో చెబుతోంది. 2009లో భారత్, జర్మనీ శాస్త్రజ్ఞులు లోహాఫెక్స్ ప్రయోగంలో దక్షిణ మహాసముద్రంలో ఇనుము చల్లితే డయాటమ్‌లు పెరగలేదు, ఆ నీటిలో సిలికా కరువు. 2010లో, బ్యాక్టీరియా తిని మిగిల్చే అరగని కార్బన్ సముద్రంలో నిలిచిపోతుందన్న సిద్ధాంతం వచ్చింది. వైరస్‌ల కథ మరోసారి.

ఒక్కటి మాత్రం తొందరలో వదలను. గోదారి మీద కట్టిన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో డెల్టా తీరం కోసుకుపోతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు 2004లోనే రాశారు. మనం పోయిన పొలం లెక్క వేశాం. అదే ఒండ్రు డయాటమ్‌లకు బరువు; నది మోసుకొచ్చే సిలికా వాటికి గాజు. ఈ రెండూ తగ్గితే నడిమి లోతుల ఊపిరి ఏమవుతుందన్న లెక్కను నా శిష్యులకు అప్పగిస్తున్నాను.

గురువుగారు చేసిన ఆ హుస్సేన్‌సాగర్ స్లైడు నా దగ్గరే ఉంది. బయట బల్ల మీద మైక్రోస్కోపు కింద పెట్టాను. టీకి ముందు ఒక్కసారి చూసి వెళ్లండి. భరిణె మూత అంచు కనిపించేదాకా ఫోకస్ నెమ్మదిగా తిప్పండి. అద్దానికి కటకం తగలనివ్వకండి, ఇంకో స్లైడు లేదు.