ప్యానెల్ మనదైతే పానా ఎవరి చేతిలో ఉండాలి?

(వార్షిక మహాసభలో మండల సమాఖ్య కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పుడే విన్నారు. మేము ఒక్క సంగతే మాట్లాడతాం. ఈ ఏడాది గ్రామ సంఘాలకు పోయినప్పుడల్లా రెండు మాటలు విన్నాం. ఒకటి, "సోలార్ పెట్టుకుంటం, లోన్ ఇప్పించుండ్రి". రెండోది, "ఇంటర్ అయిపోయిన బిడ్డ ఇంట్లనే ఉంది, ఏదన్న పని చూపించుండ్రి". చాలాసార్లు రెండూ అడిగింది ఒకే తల్లి. కానీ ఆ సోలార్ పనే ఆ బిడ్డకు దొరకవచ్చన్న మాట ఎవరి నోటా రాలేదు.

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దేశంలో కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టించాలని లక్ష్యం. సబ్సిడీ ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన అయితే 78,000 రూపాయలు. ఇక మన తెలంగాణలో మహిళా సంఘాల చేతనే వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని ప్రభుత్వం తలపెట్టింది. ఒక మెగావాట్‌కు సుమారు నాలుగెకరాలు కావాలి. రేపు ప్లాంటు సంఘం పేరు మీద ఉంటుంది, అప్పూ సంఘం పేరు మీదే ఉంటుంది. ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు వెలిగితే మాత్రం పట్నం నుంచి మనిషి రావాలి. అతను వచ్చేదాకా కరెంటు ఆగుతుంది గానీ కిస్తీ ఆగదు. ప్యానెల్ పాతికేళ్లు పనిచేసే వస్తువు. పాతికేళ్లూ పక్కవాళ్ల మీద ఆధారపడదామా?

ఈ పని అంటే ఒక్క బిగించుడే కాదు. ఇంటి కప్పు కొలిచి నీడ ఎటు పడుతుందో చూడాలి, ఇనుప చట్రం నిలపాలి, వైరింగు, ఎర్తింగు చేయాలి, నెట్ మీటరుకు దరఖాస్తు పెట్టాలి. తర్వాత దుమ్ము కడగాలి. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దం మీద చల్లని నీళ్లు పోస్తే అది పగిలే ప్రమాదం ఉంది, అందుకే పొద్దున్నో సాయంత్రమో కడుగుతారు.

"ఆడపిల్లను మిద్దె ఎక్కిస్తరా, కరెంటు పట్టిస్తరా?" అని అత్తమామలు అడుగుతున్నారు. అడగవలసిన మాటే. మెయిన్ స్విచ్ బంద్ చేసినా ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ నుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటుంది. పైనుంచి జారితే ప్రాణానికే ముప్పు. కాబట్టి నడుముకు బెల్టు, చేతికి రబ్బరు గ్లౌజులు, తలకు హెల్మెట్ ఇవ్వని చోటికి పిల్లను పంపవద్దు. ఈ ముప్పు మగపిల్లలకూ ఉంది. వాళ్లను మాత్రం ఎవరూ ఆపడం లేదు.

రాజస్థాన్‌లోని తిలోనియా ఊరిలో బేర్‌ఫుట్ కాలేజీ అని ఒక సంస్థ ఉంది. 1972లో పెట్టారు. అక్కడ చదువురాని పల్లె ఆడవాళ్లు, అందులో అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా, తీగల రంగులు గుర్తుపట్టి సోలార్ దీపాలు బిగించడం, రిపేరు చేయడం నేర్చుకున్నారు. ఆఫ్రికా దేశాల ఆడవాళ్లూ వచ్చి, భాష రాకపోయినా సైగలతో నేర్చుకుని పోయారు. అదే రాష్ట్రంలోని డుంగార్‌పూర్‌లో మనలాంటి సంఘాల గిరిజన మహిళలు, ఐఐటీ బొంబాయి సాయంతో, మొదట పిల్లల చదువుకు సోలార్ దీపాలు తయారుచేశారు. తర్వాత ప్యానెళ్లు చేసే కంపెనీయే పెట్టుకున్నారు. మన పిల్లలైతే ఇంటర్ చదివినవాళ్లు!

అసలు చిక్కు శిక్షణ దగ్గర వస్తుంది. మూడు నెలలు కూర్చోబెట్టి, ఫోటో దిగి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపితే ఆ పిల్లను ఎవరూ పనిలో పెట్టుకోరు. చేయి తిరగాలంటే పని జరిగే చోటనే నేర్చుకోవాలి. అందుకే మేము అప్రెంటిస్‌షిప్ అంటున్నాం. దీనికి 1961 నుంచే చట్టం ఉంది. పిల్లకూ యజమానికీ రాతపూర్వక ఒప్పందం ఉంటుంది, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతుంది. నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి. 2019 నిబంధనల ప్రకారం పదో తరగతి వాళ్లకు కనీసం 6,000, ఇంటర్ లేదా ఐటీఐ వాళ్లకు 7,000. అందులో నాలుగో వంతు, 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమాని బాధ్యత. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తప్పక తీసుకోవాలి. నలుగురు పనిచేసే చిన్న సంస్థ కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. మన మండల కేంద్రంలో సోలార్ బిగించేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు? మనం పోయి చెప్పాలి. మన సభ్యుల ఇళ్ల పని వాళ్లకు పోతున్నది కదా, ఆ మాట గట్టిగానే అడగవచ్చు.

ఒక్కటి దాచకుండా చెప్తాం. అప్రెంటిస్‌షిప్ అయిపోయాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. "గ్యారంటీ జాబ్, ఇరవై వేలు కట్టండి" అని ఎవరన్నా వస్తే పైసా ఇవ్వకండి. ముందు ఒప్పందం కాగితం అడగండి.

ఇంట్లో ఉన్న కోడళ్లను మరిచిపోవద్దు. దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన శిక్షణకు మహిళలకు 45 ఏళ్ల దాకా అవకాశం ఉంది.

ఇప్పుడు మీ ముందు పెడుతున్న తీర్మానం ఇది. అప్రెంటిస్‌గా చేరే ప్రతి సభ్యురాలికి, సభ్యురాలి బిడ్డకు, కోడలికి మొదటి మూడు నెలల బస్ చార్జీలు, బెల్టు, గ్లౌజులు, పానాల కిట్టు కొనడానికి సమాఖ్య నిధి నుంచి వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. తిరిగి కట్టడం నాలుగో నెల నుంచి, స్టైపెండ్ వచ్చాక. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. అనుమానం ఉన్నవాళ్లు ఇప్పుడే లేచి అడగండి, ఇంటికి పోయాక కాదు. పేర్లు మాత్రం వచ్చే నెల సమావేశం నాటికి మీ వీఓఏ దగ్గర రాయించండి, పదో తరగతి మెమో జిరాక్సు, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని రండి.