తుపానులో ఇల్లు పోతే ప్రభుత్వ సహాయం



నాకు అప్పగించిన విషయం, విపత్తులో ఇల్లు కోల్పోయిన కుటుంబానికి ప్రభుత్వం చేసే సహాయం. కోస్తా జిల్లాల వారికి ఇది పరాయి సంగతి కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నాగాయలంక, కోడూరు ప్రాంతాలలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. వేలాది ప్రాణాలు పోయాయి. మట్టిగోడల మీద తాటాకు కప్పిన ఇళ్లు ఆ నీటి ముందు నిలువలేదు. పిమ్మట ప్రభుత్వమూ, అనేక సేవాసంస్థలూ పూనుకొని పక్కా ఇళ్లు, తుపాను రక్షణ భవనాలు కట్టించాయి. హెచ్చరికలూ, రక్షణ భవనాలూ పెరిగినందువల్ల 2014లో హుద్‌హుద్ వచ్చేనాటికి ప్రాణనష్టం ఎంతో తగ్గింది. అయితే మనిషి రక్షణ భవనానికి పోగలడు గాని, ఇల్లు పోలేదు గదా! కనుక ఇంటి సమస్య అలాగే మిగిలింది.

ఈ సహాయం ఎక్కడినుండి వస్తుంది? 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు సహాయ నిధి ఉన్నది. మన వంటి రాష్ట్రాలలో దానికి నూటికి 75 వంతులు కేంద్రం, 25 వంతులు రాష్ట్రం ఇస్తాయి. 2022-26 సంవత్సరాలకు కేంద్రం నిర్ణయించిన రేట్లు వినండి. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి, అది పక్కాదైనా కచ్చాదైనా, 1,20,000 రూపాయలు. కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అదీ కనీసం నూటికి 15 వంతుల నష్టం జరిగితేనే. గుడిసె పోతే 8,000.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. మట్టిగోడల ఇల్లు నేలమట్టమైనది. లెక్కలు వ్రాసే ఉద్యోగి దానిని "కచ్చా ఇల్లు" అని వ్రాస్తే ఒక లక్షా ఇరవై వేలు, "గుడిసె" అని వ్రాస్తే ఎనిమిది వేలు! ఒక్క మాటతో ఆ కుటుంబం భవిష్యత్తే మారిపోతుంది. ఆ మాట వ్రాసేనాటికి ఇంటివారు రక్షణ భవనంలో ఉండవచ్చు. లేదా శిథిలాలు ఎత్తివేసి, వాసాలు పొయ్యిలో పెట్టి ఉండవచ్చు. అప్పుడు అక్కడ ఏ ఇల్లు ఉండేదో ఎవరు చెప్పాలి?

మరొక చిక్కు కూడా ఉన్నది. కూలిన ఇల్లు అధికారులు ధ్రువీకరించిన సక్రమ కట్టడమై ఉండాలని నిబంధన. ఆక్రమణలను ప్రోత్సహించరాదన్న ఉద్దేశం మంచిదే. కాని కాలువగట్టున, పోరంబోకులో కాపురముండే కూలివానికి పట్టా ఎక్కడిది? అందరికంటె ముందు కూలేది అతని ఇల్లే, జాబితాలో అందరికంటె వెనుక పడేదీ అతని పేరే. భర్త పేరనున్న ఇంట్లో ఉంటున్న వితంతువుకు కూడా ఇటువంటి ఇబ్బందే.

కావున మనం చేయవలసిన పని తుపాను తరువాత కాదు, ముందే ఉన్నది. అక్టోబరు, నవంబరు నెలలు రాకముందే మన యువకులు ఊరిలోని ప్రతి బలహీన గృహానికీ వెళ్లి ఫోటో తీయాలి. గోడ ఏమిటో, కప్పు ఏమిటో, ఉంటున్నదెవరో ఒక పుస్తకంలో వ్రాయాలి. కులమతాల భేదం చూడరాదు. పట్టా, ఇంటిపన్ను రసీదు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం నీరు చొరని సంచిలో పెట్టుకొమ్మని చెప్పాలి. పట్టా లేనివారి చేత ఇప్పుడే ఇంటిస్థలానికి అర్జీ పెట్టించాలి. పెద్దాయన కాలం చేసిన ఇళ్లలో పేరు మార్పిడి చేయించాలి.

తుపాను వచ్చిన పిమ్మట శిథిలాలు కదల్చకముందే మళ్లీ ఫోటో తీయాలి. లెక్కలకు వచ్చిన ఉద్యోగితో చదువుకున్నవారు ఒకరు వెంట నడవాలి, తగవుకు కాదు, తోడ్పాటుకు. ఒక్కరోజులో వందల ఇళ్లు చూడవలసిన ఆ ఉద్యోగికీ అది మేలే. జాబితాను అందరూ వినేటట్లు చదివించి, పేరు తప్పినవారి చేత తహశీల్దారుకు అర్జీ ఇప్పించాలి.

ప్రభుత్వమిచ్చేది సహాయమే గాని నష్టానికి సరిపడే పరిహారం కాదు. లక్షా ఇరవై వేలతో గట్టి ఇల్లు పూర్తికాదని మనందరికీ తెలుసు. మిగిలినదానికి మనమూ చేయి వేయాలి. కాని రావలసిన ఆ కొంచెమైనా కాగితం లేక, అడిగేవారు లేక పోరాదు. ఈ ఏడే ఆ పుస్తకం మొదలుపెట్టవలసిందిగా సభవారిని కోరుతున్నాను.