బతికి ఇంటికొచ్చాక కాళ్లెందుకు పడిపోతాయి? పురుగుమందు చేసే రెండో దెబ్బ

ఈరోజు ఎపిసోడ్ కొంచెం బరువుగా ఉంటుంది. పురుగుమందు తాగిన ముచ్చట వస్తుంది. వినడం కష్టమనిపిస్తే ఇక్కడే ఆపేయండి, నేనేం అనుకోను. మనసు అస్సలు బాగోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వ నంబరు, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

సరే, విషయంలోకి వెళ్దాం.

నేను ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు, పత్తి పూర్తిగా పోయిన ఏడాది, మా కాక మందు తాగాడు. కాక అంటే మా బాపు తమ్ముడు. ఏ మందో చెప్పను, అది మనకు అవసరం లేదు. కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు, బతికాడు. డిశ్చార్జ్ అయ్యాక ఊరికి పోకుండా కాజీపేటలో మా ఇంట్లోనే ఉన్నాడు. తింటున్నాడు, నవ్వుతున్నాడు. గండం గడిచిందనుకున్నాం.

మందు తాగిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు రెండున్నర వారాలు అయ్యుంటుంది. ఇద్దరం స్టేషన్ దిక్కు చాయ్ తాగడానికి నడుచుకుంటూ పోతున్నాం. వెనక్కి తిరిగి చూస్తే కాక చెప్పు ఒకటి రోడ్డు మీద పడి ఉంది. "కాకా, నీ చెప్పు ఊడింది" అన్నాను. ఆయన కాలు చూసుకుని, "ఎప్పుడు ఊడిందిరా?" అన్నాడు. చెప్పు ఊడిన సంగతే ఆయనకు తెలియలేదు.

అంతకు ముందు రెండు రోజుల నుంచి పిక్కలు గుంజుతున్నాయి, అరికాళ్లు తిమ్మిర్లు అంటూనే ఉన్నాడు. "మంచంల పడుకుని పడుకుని అయితది" అని మేమే కొట్టిపారేశాం. ఇంకో వారానికి పాదం పైకి లేవడమే ఆగిపోయింది.

ఆ వారంలో ఏం జరిగిందో చెప్పాలంటే కొంచెం సైన్స్ కావాలి. బీటెక్ బుర్రకు అర్థమైనట్టే చెప్తాను.

మనం పొలంలో కొట్టే మందుల్లో ఒక పెద్ద కుటుంబం ఉంది, పేరు ఆర్గానోఫాస్ఫేట్లు. మన నరం కండరానికి "కదులు" అని చెప్పడానికి అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. పని అయిపోగానే దాన్ని తుడిచేయడానికి అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఈ మందు పోయి ఆ ఎంజైమ్‌కు అతుక్కుంటుంది. ఇక తుడిచేవాళ్లు లేరు. "కదులు, కదులు" అనే సందేశం ఆగదు. నోట్లో చొంగ, చెమటలు, కంటిపాప సూదిమొనంత అవ్వడం, కండరాలు అదరడం, చివరికి ఊపిరి ఆగిపోవడం. ఇది మొదటి దెబ్బ, గంటల్లో పడేది. దీనికి అట్రోపిన్ ఇస్తారు, ప్రాలిడాక్సిమ్ ఇస్తారు, ఊపిరి అందకపోతే వెంటిలేటర్ పెడతారు.

మధ్యలో ఇంకోటి ఉంది. 1 నుంచి 4 రోజుల మధ్యలో మెడ ఎత్తలేకపోవడం, మళ్లీ ఊపిరి అందకపోవడం. 1987లో శ్రీలంక డాక్టర్లు దీన్ని విడిగా గుర్తించి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అన్నారు. అందుకే మనిషి లేచి కూర్చున్నాడు కదా అని తొందరపడి ఇంటికి తీసుకుపోవద్దు.

ఇక మన కథ. నరాల కణాల్లో ఇంకో ఎంజైమ్ ఉంది. న్యూరోపతీ టార్గెట్ ఎస్టరేజ్, షార్ట్‌గా ఎన్‌టీఈ. కణం పొరల్లో ఉండే కొవ్వుల లెక్క సరిగ్గా ఉంచడం దీని పని. 1969 ప్రాంతంలో ఎం.కె. జాన్సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. ఈ కుటుంబంలోని కొన్ని రసాయనాలు, అన్నీ కాదు, ఎన్‌టీఈకి కూడా అతుక్కుంటాయి. అతుక్కున్నాక ఆ రసాయనంలోంచి ఒక ముక్క ఊడిపోయి, మిగిలింది శాశ్వతంగా బిగుసుకుపోతుంది. దాన్ని ఏజింగ్ అంటారు. సుమారు 70 శాతానికి మించి ఎన్‌టీఈ ఇలా బిగుసుకుపోతే నరం పాడవ్వడం మొదలవుతుంది.

మరి కాళ్లే ఎందుకు, రెండు మూడు వారాల తర్వాతే ఎందుకు? పాదానికి పోయే నరం నడుము దగ్గర వెన్నుపాములో మొదలవుతుంది. అంటే ఒక్క కణానికి దాదాపు మీటరు పొడవు తోక. పొడవైన కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి మడే కదా. ఇక్కడా అంతే, చివర నుంచి నరం కుళ్లుకుంటూ వస్తుంది. దానికి రోజులు పడుతుంది. అందుకే ముందు పాదాలు, తర్వాత చేతులు.

రక్తంలో కోలినెస్టరేజ్ రిపోర్ట్ నార్మల్ వచ్చింది కదా అని ధైర్యపడటానికి లేదు. అది వేరే ఎంజైమ్. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఉంటాయి చూడండి, అవి కూడా వెంటనే ఎంత విషమో చెప్తాయి. మూడు వారాల తర్వాతి సంగతి చెప్పవు.

ఇదేం కొత్త రోగం కాదు. 1930లో అమెరికాలో మద్యనిషేధం నడుస్తుంటే అల్లం సారం పేరుతో మందు అమ్మేవాళ్లు. సర్కారు పరీక్షలో దొరక్కుండా అందులో టీఓసీపీ అనే రసాయనం కలిపారు. వేల మంది కాళ్లు పడిపోయాయి. 1959లో మొరాకోలోని మెక్నెస్‌లో వంటనూనెలో విమానం ఇంజిన్ ఆయిల్ కలిపి అమ్మితే సుమారు 10,000 మందికి ఇదే గతి. 1988లో మన కలకత్తా బెహాలాలో కల్తీ ఆవనూనె తిని వందల మంది మంచాన పడ్డారు. అంటే ఇది మందు తాగినవాళ్లకే వచ్చేది కాదు. తెలియకుండా తిన్నవాళ్లకూ వచ్చింది.

ఇప్పుడు మన వరంగల్. 1997 నుంచి 2002 దాకా ఎంజీఎంలో పురుగుమందుల విషంతో చేరినవాళ్లు 8,040 మంది. అందులో 22.6 శాతం చనిపోయారు. 2005లో అచ్చయిన పరిశోధనలోని లెక్క ఇది. పత్తి మన జిల్లాను ముంచిన ఏళ్లు అవి. చనిపోయినవాళ్లు పోను మిగిలింది 6,000 పైచిలుకు మంది. అందరికీ కాళ్లు పోతాయని నేను అనట్లేదు, ఇది చాలా తక్కువ మందికి వస్తుంది. కానీ బతికి ఇంటికి పోయినవాళ్ల కథ డిశ్చార్జ్ కాగితంతో అయిపోదు అంటున్నాను.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను.

కాకను మొదట ఒక డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది నేనే. "ఈ మధ్య ఏమన్నా జబ్బు చేసిందా?" అని అడిగాడు. మా అమ్మ "ఆ ముచ్చట ఎవ్వరికీ చెప్పకు బిడ్డా" అని మరీ మరీ చెప్పి పంపింది. నేను "లేదు సార్" అన్నాను. కాక నా దిక్కు చూసి తల వంచుకున్నాడు. నడుము నరం నొక్కుకుందన్నారు. స్కాన్, ఇంజెక్షన్లు, బెల్టు. ఇంకో చోటికి పోయాం, అక్కడా అదే అబద్ధం. నెల పోయింది, అప్పు పెరిగింది.

మూడో డాక్టర్ కాక కాళ్లు చూసి, "ఏం పంట వేస్తవే?" అని అడిగాడు. పత్తి అన్నాడు కాక. కాసేపాగి ఆయనే, "మందు తాగిన సార్. వీళ్లను ఏమనకుండ్రి" అన్నాడు.

నిజం ముందే చెప్పుంటే కాళ్లు బాగయ్యేవా? లేదు. దీనికి విరుగుడు లేదు, అట్రోపిన్ కూడా దీన్ని ఆపదు. కానీ ఆ నెల రోజులు అనవసరపు ఇంజెక్షన్లకు బదులు ఫిజియోథెరపీ జరిగేది. పాదానికి స్ప్లింట్ పడేది. అన్నిటికంటే ముందు ఆ మనిషి అబద్ధం మోయకుండా ఉండేవాడు.

నేను కోడ్ రాసే రోజుల్లో ఇలాంటి బగ్‌లు చూశాను. రిలీజ్ రోజు అంతా బాగుంటుంది, రెండు వారాలకు ఎక్కడో కూలుతుంది. పాత లాగ్ ఎవరైనా చెరిపేస్తే ఇక కారణం దొరకదు. మేం చేసింది అదే. సిగ్గుతో లాగ్ చెరిపేశాం.

కాబట్టి నాలుగే మాటలు. మందు లోపలికి పోయిందని అనుమానం వస్తే వెంటనే 108. డబ్బా లేబుల్ ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి, తీసేయకండి. ఇంటికొచ్చాక కూడా నెల రోజులు కాళ్లు గమనించండి: పిక్కల నొప్పి, తిమ్మిర్లు, చెప్పు జారడం, మెట్లెక్కలేకపోవడం. నాలుగోది, ఏ డాక్టర్ దగ్గరికి పోయినా మొదటి మాటగా జరిగింది చెప్పండి. పోలీసులు శిక్షిస్తారని భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలంటుంది, నేరస్తుడిగా కాదు.

కాక ఇప్పుడు నడుస్తాడు. కాళ్లలో బలం కొంత తిరిగొచ్చింది, కానీ వెన్నుపాములో పోయింది రాలేదు, అందుకే కాళ్లు బిర్రుగా వేస్తాడు. ఈ వీడియో చేయనా అని అడిగితే, "పేరు, ఊరు చెప్పకు. కానీ చెప్పు ముచ్చట మాత్రం చెప్పు, ఎవరికన్నా పనికొస్తది" అన్నాడు.

చెప్పాను కాకా. మీ ఇళ్లలో, మీ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఈ ముచ్చట చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.