అంతియొకయ పంక్తి

ధర్మశాస్త్రమా, విశ్వాసమా అను వివాదమును మనము పండితులకు విడిచిపెట్టుదుము. క్రీస్తుశకము 50 ప్రాంతమున, సిరియాదేశపు అంతియొకయలో, అది భోజనపంక్తిలోనే బయటపడినది. యూదుడైన పేతురు సున్నతి లేని అన్యజన విశ్వాసులతో కూర్చుండి భుజించుచుండెను. యాకోబు వద్దనుండి కొందరు వచ్చిరి. అంతట పేతురు మెల్లగా వెనుదీసి వేరైపోయెను. బర్నబా సైతము అతనిననుసరించెను. పేతురు మనస్సు మారలేదు. వచ్చినవారికి జంకెను, అంతే. మనలో జంకనివారెవరు?

పౌలు అందరియెదుట నిలదీసెను. ధర్మశాస్త్రము దేవుడిచ్చినదేయని అతడును నమ్మినవాడే. అయినను, నీతి దానివలననే కలుగునెడల క్రీస్తు మరణము వ్యర్థమే గదా యని అతని వాదము. విశ్వాసులకు వేరొక పంక్తి ఏల?

గలతీయులకు వ్రాసిన పత్రికలో ఈ కలహమును పౌలు నోటనే విందుము. పేతురు ఏమి బదులు చెప్పెనో అందు లేదు. లేచిపోయినవారు మరల వచ్చి కూర్చుండిరో లేదో, అదియును లేదు.