చిన్న వాక్యాలు

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. భాషాపండితుణ్ణి కాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు గోవాలో, పణజీలో ఉన్నాను. 1961 దాకా అక్కడ పోర్చుగీసు పాలన. మా కౌంటరుకు వచ్చే వృద్ధుల్లో కొందరు ఆ భాష మాట్లాడేవారు. వారి దగ్గర పట్టిన నాలుగు ముక్కలే మొన్న వేసవిలో మన 6, 7, 8 తరగతుల పిల్లలకు చెప్పాను.

"పోర్చుగీసు మనకెందుకండీ?" అని ఒక తల్లి అడిగారు. మైలాపూరులో లజ్ కార్నర్ అంటామే, ఆ లజ్ పోర్చుగీసు మాటే. వెలుగు అని అర్థం. అక్కడి పాత చర్చి పేరు నుంచి వచ్చింది. మన అలమార, తువాలు, చొక్కా బొత్తాం, అనాసపండు కూడా ఆ భాష నుంచి వచ్చిన మాటలే.

మాటలకేం, అసలు సంగతి వాక్యంలో ఉంది. ఇంగ్లీషులో "ఐ యామ్ ఎ స్టూడెంట్", "ఐ యామ్ ఎట్ హోమ్" రెండింటికీ ఒకటే "యామ్". పోర్చుగీసులో అలా కాదు. మొదటిది "సో ఎష్తుదాంత్", రెండోది "ఎష్తో ఎం కాజా". కాజా అంటే ఇల్లు. తాపేశ్వరం కాజా అనుకుని పిల్లలు ఒకటే నవ్వు! సో ఎక్కడో, ఎష్తో ఎక్కడో ఇంగ్లీషు మీదుగా వెళ్తే తికమకే. తెలుగులో అనుకుని చూడమన్నాను. "నేను విద్యార్థిని": క్రియ లేదు, అక్కడ సో. "నేను ఇంట్లో ఉన్నాను": ఉన్నాను వచ్చింది, అక్కడ ఎష్తో. అన్నిచోట్లా ఈ లెక్క కుదరదు గాని మొదటి పాఠానికి చాలు.

"ఫాలు తెలుగు" అంటే తెలుగు మాట్లాడతాను. "నేను" అనక్కర్లేదు, క్రియ చివరే చెబుతుంది. మన "మాట్లాడతాను, మాట్లాడతావు" లాగే.

ఇది ముందుగా పట్టుకున్నది ఎవరనుకున్నారు? ఇంగ్లీషులో అత్తెసరు మార్కుల కుర్రాడు. ఇంట్లో నాయనమ్మతో రోజంతా తెలుగే. ఇంగ్లీషులో తొంభై దాటిన అమ్మాయి తడబడింది. వాళ్ళింట్లో తెలుగు మానేసి నాలుగేళ్ళయిందట, మార్కుల కోసం.

2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. మంచిదే, తమిళం రాకుండా ఇక్కడ బతికేదెలా? కాని బడిలో తెలుగుకు చోటు తగ్గిన ఇంట్లో, భోజనాల దగ్గర కూడా దాన్ని తీసేస్తే ఆ పిల్ల ఏ భాషలో అనుకుని చూసుకుంటుంది? తల్లిదండ్రులు దీనికి జవాబు చెప్పాలి.

వచ్చే శనివారం సాయంత్రం మళ్ళీ క్లాసు ఉంది. ఫీజు లేదు, నోటుబుక్కు తెస్తే చాలు. పెద్దవాళ్ళూ వెనక బెంచీల్లో కూర్చోవచ్చు. పిల్లలూ, మీ ఇంటి గురించి ఐదు తెలుగు వాక్యాలు రాసుకురండి. చిన్నవే సుమా.