పన్ను పోయాక కాదు, ఉన్నప్పుడే!

(భిలాయి సెక్టర్ 4లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో, మన అధికారి ఒకరి సతీమణి, దంతవైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇంప్లాంట్ల గురించి మాట్లాడమన్నారు. దానికి ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అత్తగారిని అడిగే చెబుతున్నాను. ఆవిడ ముందు వరుసలోనే ఉన్నారు, తప్పు చెబితే అక్కడి నుంచే సరిదిద్దుతారు.

మా మామగారు స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చారు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైన ఈ ఊరికి మన వైపు నుంచి అలా ఎన్ని కుటుంబాలు వచ్చాయో మీకు తెలుసు. కొత్త కాపురంలో అత్తగారికి పన్ను నొప్పి వస్తే పక్కింటావిడ గుడాఖు ఇచ్చింది. పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసే ఆ ముద్దను ఛత్తీస్‌గఢ్‌లో చాలామంది ఆడవాళ్ళు పళ్ళకు రుద్దుకుంటారు. కాసేపు నొప్పి తెలియదు. రోగం మాత్రం లోపల దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది.

ఆ అలవాటు నలభై ఏళ్ళు సాగింది. నేను కోడలిగా వచ్చాక డబ్బా బియ్యం డ్రమ్ము వెనక్కి చేరింది. ఇంట్లో దంతవైద్యురాలిని ఉండి కూడా, నాకు తెలిసేసరికి కింద ముందు పళ్ళు నాలుగు కదులుతున్నాయి. నాలుగూ తీసేయాల్సి వచ్చింది.

మూడు నెలల్లో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. "ఏటమ్మా, ఆ స్క్రూ పళ్ళేవో నాకూ పెట్టీ. ఫోటోల్లో బోసినోరు ఏటి బాగుంటాది?" అన్నారు అత్తగారు. ఇప్పుడు కుదరదన్నాను. నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఎందుకు కుదరదన్నానో చెబుతాను. ఇంప్లాంటు అంటే దవడ ఎముకలో బిగించే చిన్న టైటానియం స్క్రూ. పన్ను వేరు చేసే పని అది చేస్తుంది. పైన తొడుగు పన్ను వస్తుంది. 1952లో స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం పెట్టి పరిశోధన చేస్తూ, ఆఖరున తీయబోతే అది రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టారు. ఆ రోగికి నలభై ఏళ్ళు, ఆయన పోయేదాకా, అవి పనిచేశాయి.

అంటే ఇంప్లాంటును నిలబెట్టేది డాక్టరు చెయ్యి ఒక్కటే కాదు, మీ ఎముక కూడా. అది అతుక్కోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పొగాకు వాడితే రక్తప్రసారం తగ్గి గాయం మానదు. షుగరు అదుపులో లేకపోతే చీము పడుతుంది. అత్తగారి మూడు నెలల షుగరు సగటు తొమ్మిది దాటింది. మిగతా చిగుళ్ళ నిండా జబ్బు. అలాంటి నోట్లో ఇంప్లాంటు పెట్టడమంటే, పూచీ ఏదీ లేకుండా పెద్ద అప్పు మంజూరు చేసినట్టే.

పెళ్ళికి తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు చేసి ఇచ్చాను. ఫోటోలు బాగానే వచ్చాయి. తర్వాత గుడాఖు మానిపించడానికి చాలా తంటాలు పడ్డాం. రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టారు. చిగుళ్ళ లోపలిదాకా శుభ్రం చేశాం. షుగరు ఏడుకు దిగింది. పది నెలల తర్వాత రెండు ఇంప్లాంట్లు పెట్టి, వాటి మీద నాలుగు పళ్ళు నిలబెట్టాం.

ఇంప్లాంటు పెట్టించుకోవాలనుకునేవాళ్ళు డాక్టరును నాలుగు మాటలు అడగండి. నా ఎముక సరిపోతుందా? ముందు చిగుళ్ళ వైద్యం కావాలా? ఏ కంపెనీది పెడుతున్నారు, దాని కార్డు ఇస్తారా? స్కాను, స్క్రూ, తొడుగు కలిపి మొత్తం ఎంత? ఎముక అరగకుండా మందులు వాడుతున్నా, దవడకు రేడియేషన్ ఇచ్చి ఉన్నా ముందే చెప్పాలి. ఎదిగే పిల్లలకు ఇంప్లాంటు పనికిరాదు. ఖర్చు బ్యాంకు నుంచి తిరిగి వస్తుందో రాదో పని మొదలుపెట్టకముందే ఆఫీసులో కనుక్కోండి. అందరికీ ఇంప్లాంటే అక్కర్లేదు. పక్క పళ్ళను అరగదీసి కట్టే బ్రిడ్జి, కట్టుడు పళ్ళు కూడా మంచి వైద్యమే.

ఇక రోజూ చేసుకోవాల్సినవి. పళ్ళ మీద చేరే మెత్తని పాచిని బ్రష్షు తీసేస్తుంది. వదిలేస్తే గట్టిపడి గార అవుతుంది. అది ఇంట్లో పోదు, స్కేలింగ్ చేయించాల్సిందే. స్కేలింగ్ వల్ల పళ్ళు వదులవుతాయని చాలామందికి భయం. గార కింద ఎముక ముందే కరిగిపోయి ఉంటుంది. గార తీశాక ఆ సందు బయటపడుతుంది, అంతే.

మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు పేస్టు, రెండు పూటలా రెండేసి నిమిషాలు. రాత్రి తోముకున్నాక ఏమీ తినకూడదు. మీరు సాయంత్రం క్యాషు లెక్క సరిచూడకుండా ఇంటికి రారు కదా, పళ్ళ లెక్కా అలాగే అనుకోండి. బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి పింగాణీని అరగదీస్తాయి. పళ్ళ సందుల్లో గుండుసూది, అగ్గిపుల్ల పెట్టకండి. దారమో, సందుల బ్రష్షో వాడండి. ఇంప్లాంటు పుచ్చదు కానీ దాని చుట్టూ చిగురు చెడుతుంది. అది ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా తోముకోవాలి.

పిల్లలు ఆటలో పడి శాశ్వత పన్ను ఊడొస్తే పారేయకండి. వేరు ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని, పాలలో వేసి, గంటలోపు డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. మళ్ళీ పెట్టి బతికించే అవకాశం ఉంటుంది.

తోముకుంటే రక్తం రావడం, నోటి దుర్వాసన, పళ్ళ మధ్య కొత్తగా సందులు కనబడటం చిగుళ్ళ జబ్బుకు గుర్తులు. చాలాసార్లు నొప్పే ఉండదు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చే అడ్డచుట్ట అంగిటి క్యాన్సరుకు దారితీస్తుంది. నోట్లో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, పుండు రెండు వారాలు దాటితే ఒక్కరోజు కూడా ఆగకండి.

చివరగా ఒక మాట. మా అత్తగారి నోరు నేను ముందే చూడలేకపోవడానికి కారణం ఆవిడ దాచడం ఒక్కటే కాదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఊళ్ళో అందరి నోళ్ళూ చూశాను, ఇంట్లో చూడలేదు. ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ పెద్దవాళ్ళను కోప్పడకుండా అడగండి: "చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా? గట్టివి నమలగలుగుతున్నారా?" అని.

అత్తయ్యా, తప్పేమైనా చెప్పానా? లేదట.