ఏటి ఒడ్డున సెల్లారు తవ్వకం



అధ్యక్షత వహించమన్నారు గనుక, మన వృత్తిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పని గురించే మాట్లాడతాను. కృష్ణ ఒడ్డున సెల్లారు తవ్వినప్పుడు చుట్టూ నేల కూలకుండా కొన్ని నెలలపాటు ఆపే షోరింగ్ గురించి. భవనానికి కట్టలకొద్దీ డ్రాయింగులుంటాయి. షోరింగుకు టెండర్లో ఒక్క పద్దు, అదీ లంప్‌సమ్. డిజైన్ ఎవరిదంటే కాంట్రాక్టరుదంటారు. ఆయన మేస్త్రీ వైపు చూస్తాడు.

విజయవాడలో చాలాచోట్ల పైన నల్లమట్టి, దాని కింద ఇసుక. ఎండాకాలంలో నల్లమట్టి నిట్టనిలువుగా నిలబడుతుంది. అది చూసి మనకు లేనిపోని ధైర్యం వస్తుంది. కింది ఇసుక సంగతి వేరు. ఆరు మీటర్ల లోతున పొడి ఇసుక గోడను చదరపు మీటరుకు మూడున్నర టన్నుల చొప్పున నెడుతుందనుకుంటే, నీళ్లు పైదాకా వచ్చినప్పుడు అది 8 టన్నులవుతుంది. అందులో 6 టన్నులు ఒక్క నీటివే. అయినా మట్టి పరీక్ష మేలో చేయించి, ఆ రిపోర్టులోని నీటిమట్టంతో లెక్క కట్టి, తవ్వకం ఆగస్టులో మొదలుపెడతాం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. లెక్కకు తీసుకోవాల్సింది అలాంటి రోజు నీటిమట్టం.

పైల్స్ మధ్య సందు వదిలే పద్ధతి హైదరాబాదు గట్టినేలలో నడుస్తుంది. ఇక్కడ ఆ సందుల్లోంచే ఇసుక కారిపోతుంది. షీట్ పైల్సో, ఒకదాన్నొకటి కోసుకుంటూ వేసే పైల్సో, డయాఫ్రమ్ వాలో వేయక తప్పదు.

గోడ సంగతి అలా ఉంచండి, నా భయమంతా గొయ్యి అడుగు గురించే. బయటి నీరు గోడ పాదం కిందుగా చుట్టి వచ్చి లోపల పైకి ఉబుకుతుంది. ఆ ఊట జోరు ఒక హద్దు దాటితే ఇసుక బరువు కోల్పోయి మరుగుతున్నట్టు పొంగుతుంది. టెర్జాగీ ఈ లెక్క తేల్చి వందేళ్లయింది. గోడను ఇంకా లోతుకు దించాలి, లేదా నీరు దూరని బంకమట్టిలోకి దింపాలి. మనం చేసేది మాత్రం ఇంకో మోటారు తెచ్చి పెట్టడం. మోటారు పైపు దగ్గర గాజు సీసాతో నీళ్లు పట్టి కాసేపు కదలనివ్వకండి. అడుగున ఇసుక పేరుకుంటే, మీరు తోడుతున్నది పక్కింటి పునాది కింది నేలనే. అప్పుడు మోటారు ఆపి గోతిలో నీళ్లు నిండనివ్వాలి. ఈ మాట అంటే సైట్లో నన్ను ఎగాదిగా చూస్తారు. కానీ వరదల్లో గోదావరి గట్టు వెనక ఊట పడితే లస్కర్లు దాని చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల నీటిని ఎత్తుకు రానిస్తారు. ఆ ఊటను ఎవరూ తోడెయ్యరు.

ఇక గోడకొస్తే, జర్మనీలో రైన్ నది పక్కనున్న కొలోన్ నగరంలో, 2009 మార్చి 3న, మెట్రో తవ్వకం పక్కనే ఉన్న నగర చారిత్రక పత్రాల భాండాగారం కూలిపోయింది. ఇద్దరు చనిపోయారు. వెయ్యేళ్ల నాటి పత్రాలు శిథిలాల్లో కలిశాయి. డయాఫ్రమ్ గోడలో ఒకచోట మిగిలిపోయిన లోపంగుండా నీరూ ఇసుకా లోపలికి దూసుకొచ్చాయని నిపుణులు తేల్చారు. గోడ మందం చాలకపోవడం కాదు, ఒక్క లోపం చాలింది.

గోడలకు అడ్డంగా బిగించే స్ట్రట్లు పెట్టే దశకు లెక్కలుంటాయి గానీ తీసే దశకు ఉండవు. రాఫ్ట్ వేశాక కింది స్ట్రట్ తీస్తే, గోడ ఆ ఎత్తంతా ఒంటరిగా మోయాలి. ఆ రోజుకూ డ్రాయింగు కావాలి. లండన్‌లో థేమ్స్ పక్కన, బిగ్ బెన్‌ను ఆనుకుని 1970లలో 18.5 మీటర్ల లోతు కార్ పార్కింగ్ తవ్వినప్పుడు అంతస్తుల స్లాబులనే స్ట్రట్లుగా వాడారు. తీసే పనే లేదు. ఖర్చెక్కువని మనవాళ్లంటారు. రెండుసార్లు స్టీలు ఎక్కించి దించే ఖర్చు కూడా కలిపి చూడమంటాను.

ఇక, నేలలో నీటి ఒత్తిడి చూపే పీజోమీటరు చదివే కుర్రాడికి పని ఆపించే అధికారం ఎవరివ్వాలన్నది మధ్యాహ్నం చర్చకు వదులుతున్నాను. నా మటుకు దాన్ని యజమానే టెండర్లో రాసివ్వాలి. సైట్ ఇంజనీర్లు ముందు మాట్లాడాలని నా కోరిక.